డైరెక్టరు గారికి విరిగే కుర్చీ

మా మావగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన చేసిన కుర్చీ విరగదు.

కొత్తలో ఇది గొప్ప సంగతే అనుకున్నాను. అందులోని కష్టం తర్వాత తెలిసింది. మా వంటింట్లో ఒక కుర్చీ ఉంది. పరీక్ష హాల్లో కాపలాకి నిలబడ్డ లెక్చరర్‌లా నిటారుగా ఉంటుంది. దాని రంగు నాకు నచ్చదు, ఎత్తు సరిపోదు, దాని కాలు నా చిటికెన వేలికి తగలని రోజు లేదు. కొత్తది కొందామంటే, "ఉన్నదానికి ఏమైందమ్మాయ్?" అంటారు మావగారు. ఏమీ కాలేదు. నా బాధ అదే కదా. ఒకసారి మేడ మీంచి తోసేసి, చెయ్యి జారిందని చెబుదామనుకున్నాను. కింద గచ్చు పగులుతుందని భయపడి మానేశాను.

మా వర్క్‌షాపు ఇంటి ముందు గదుల్లోనే. పెట్టింది మావగారు. గుమ్మం మీద ఆయన స్వయంగా ఉలితో చెక్కిన బోర్డు ఉంటుంది: "మనిషి పోవచ్చు, కుర్చీ పోదు." అది చదివి కొనకుండా వెనక్కి తిరిగిన పెద్దవాళ్లు కొందరు నాకు తెలుసు.

విరగని కుర్చీ కొన్నవాడు మళ్లీ కొట్టుకి రాడు. ఇది వ్యాపారంలో మొదటి పాఠమట, మా మావగారు చివరిదాకా చదవని పాఠం. కావలసిన వాళ్లందరికీ ఆయన ఎప్పుడో చేసి ఇచ్చేశారు. వాళ్ల పిల్లలు ఇప్పుడు వాటినే వాటాలు వేసుకుంటున్నారు. కొత్తగా కాపురాలు పెట్టేవాళ్లు అట్టపెట్టెలో వచ్చే కుర్చీలు తెచ్చుకుని ఇంట్లోనే మరలు బిగించుకుంటున్నారు. వర్క్‌షాపు ఇప్పుడు నడిపేది మా ఆయన. అలాంటి అట్టపెట్టెల షోరూమే ఒకటి ఆయన్ని సేల్స్‌మన్‌గా రమ్మంది. నెలాఖరులోగా ఏ సంగతో చెప్పాలి. వర్క్‌షాపు మూసెయ్యడమా, ఉంచడమా అన్నది అక్కడికొచ్చి ఆగింది. ఒకరోజు మా ఆయన టై కట్టుకుని అద్దం ముందు నిలబడ్డారు.

"ఎలా ఉన్నాను?"

"అమ్మకానికి పెట్టినట్టున్నారు," అన్నాను.

ఆయన టై విప్పి చెక్కకు పాలిష్ పెట్టుకోవడానికి వాడేశారు.

ఇక సినిమాల సంగతి. మా ఇంట్లో ఆ పిచ్చి ముగ్గురికి ఉంది. నాకు, అత్తగారికి, మా ఆయనకు. అందరి సినిమాలూ కాదు, ఒకే ఒక్కరివి. ఆయన్ని మేం ఇంట్లో 'డైరెక్టరు గారు' అనే అంటాం. మిగతా డైరెక్టర్లు ఉన్నారని మాకు తెలుసు. వాళ్లను పేర్లు పెట్టి పిలుస్తాం.

నేను కాలేజీలో సాహిత్యం చదివాను. కష్టాలు పడి పడి చివరి అధ్యాయంలో చచ్చిపోయే నాయికల మీద పేజీలకు పేజీలు రాసి ఫస్టు క్లాసు తెచ్చుకున్నదాన్ని. అలాంటిదాన్ని తన్నులాటల సినిమాకి మొదటి రోజే పరిగెత్తడం ఏమిటని నా స్నేహితురాళ్లకు బెంగ. నాకు లేదు. హీరో ఇరవై మందిని కొట్టడం అందరి సినిమాల్లోనూ ఉంటుంది. డైరెక్టరు గారి సినిమాలో తన్నులు తినేవాళ్లకి కూడా ఒక బతుకు ఉంటుంది. ఒక రౌడీ హీరోని చంపడానికి వస్తూ చెప్పులు గుమ్మం బయట విడిచి వస్తాడు. ఇంకొకడు దెబ్బ తిని గాల్లోకి లేచినా, చేతిలోని భోజనం డబ్బా మాత్రం ఒలక్కుండా నిటారుగా పట్టుకుంటాడు. హాలంతా పడీపడీ నవ్వుతుంది. ఆ నవ్వులోనే డబ్బా నేల మీద పడుతుంది. అప్పుడు అయ్యో అనిపిస్తుంది. అనిపించిన మరుక్షణం వాడు లేచి, కింద పడ్డది ఏరుకుంటూ హీరోకి కూడా కాస్త పెడతాడు. నాలుగు వందల పేజీలు ఏడిపించిన మహానుభావులకి కూడా ఇంత తక్కువలో ఇంత పని చేతకాలేదని నా అభిప్రాయం. పరీక్షలో రాస్తే సున్నా వచ్చేది.

మావగారిని ఒకే ఒక్కసారి హాలుకి తీసుకెళ్లాం. విలన్ టేకుదని గొప్పలు చెప్పుకున్న భోజనాల బల్లనే హీరో ఎత్తి వాడి మీద వేశాడు. బల్ల ముక్కలైంది. మావగారు సీట్లోంచి లేచి నిలబడి, "టేకుట! విరిగిన చోట చూడండి, అది టేకా?" అన్నారు. వెనక వరసవాళ్లు కూర్చోమన్నారు. ఆయన బయటికి వెళ్లిపోయి, మిగతా సినిమా అయ్యేదాకా వరండాలో ఉన్న బెంచీని అటూ ఇటూ ఊపి చూస్తూ గడిపారు. అది కూడా బాగాలేదట.

అలాంటి ఇంటికి ఒక ఉదయం డైరెక్టరు గారి దగ్గర సెట్లు వేయించే ఆయన వచ్చారు. గడ్డం, భుజాన సంచీ. ఏదో పేరు చెప్పారు గానీ, అత్తగారు అప్పటికే 'గడ్డం బాబు' అని ఖాయం చేసేశారు.

"మీ కుర్చీలు విరగవట కదండీ?" అన్నాడాయన.

"విరగవు," అన్నారు మావగారు, వీపు ఇంకాస్త నిటారు చేసి.

"మాకు విరిగేవి కావాలండీ."

 హోటలు ఓనరుని పట్టుకుని పాచిపోయిన కూర ఉందా అని అడిగినట్టుంది మావగారి మొహం.

గడ్డం బాబు మెల్లగా విషయం చెప్పాడు. విరిగే కుర్చీలు చేసేవాళ్లు వాళ్లకు వేరే ఉన్నారు. కానీ వాళ్ల కుర్చీ తెర మీద కనపడగానే, ఇది విరుగుతుందని చంటిపిల్లలు కూడా చెప్పేస్తున్నారు. డైరెక్టరు గారికి నూరేళ్లు ఉండేలా కనిపించే కుర్చీ కావాలి. కొత్త సినిమాలో ఒక హోటలు సీను ఉంది. కమెడియను, భారీ మనిషి, ఆ కుర్చీలో కూర్చుని విలన్‌కి తన జీవితకథంతా చెబుతాడు. అంతసేపూ కుర్చీ కిర్రుమనకూడదు. కథ అయ్యాక హీరో వచ్చి వేలితో అలా తాకుతాడు. కుర్చీ కుప్పకూలాలి.

"ఇది డైరెక్టరు గారికి నచ్చితే ఈ సినిమాలో సామానంతా మీకే ఇస్తారు. తర్వాత తీసేవాటికి కూడా," అన్నాడు.

మా ఆయన నావైపు చూశారు. నేను టై వైపు చూశాను. అది పాలిష్ డబ్బా పక్కన పడి ఉంది.

"విరిగే కుర్చీ ఎవడైనా చేస్తాడు," అన్నారు మావగారు. "పని రానివాడు చేసే ప్రతి కుర్చీ విరిగేదే. దానికి ఇంత దూరం రావాలా?"

"నేను చేస్తానండీ," అన్నారు మా ఆయన.

"వీడు చేస్తాడు," అన్నారు మావగారు. ఒప్పుకుంటున్నట్టు లేదు, కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టుంది.

ఆ రోజు నుంచి మా ఆయన డైరెక్టరు గారి పాత సినిమాలన్నీ మళ్లీ వేసుకుని చూడ్డం మొదలుపెట్టారు. తన్నులాట రాగానే ఆపడం, వెనక్కి తిప్పడం, మళ్లీ చూడడం. "గమనించావా? ఆయన సినిమాల్లో హీరో ఎప్పుడూ ఎడమ పక్కనుంచే వస్తాడు. కెమెరా కుడివైపు పెడతారు కదా, అందుకు," అన్నారు ఒకరోజు నాతో. నేను గమనించలేదు. నేను చెప్పులు విడిచే రౌడీలను చూస్తుంటాను.

ఉపాయం ఆయనకు అక్కడే దొరికింది. కుర్చీ వెనక కాళ్లను ఏటవాలుగా కోశారు. పైనుంచి బరువు పడితే కోత మూసుకుని బిగుసుకుంటుంది. ఎడమ పక్కనుంచి తగిలితే విడిపోతుంది. కోత కనపడకుండా మైనం నింపి, పైన రంగు వేశారు.

పరీక్షకి బరువు కావాలి. అత్తగారు తనంతట తానే ముందుకొచ్చారు. చుట్టూ నేల మీద పరుపులు వేసి, కూర్చోబెట్టి, ఏదైనా పొడుగాటి కథ చెప్పమన్నాం. తన చెల్లెలితో మాటలు ఎందుకు మానేశారో చెప్పడం మొదలుపెట్టారు. మొదటి కుర్చీ అసలు గొడవ మొదలవకముందే కూలింది. రెండోది చెల్లెలు తలుపు ధడాలున వేసిన దగ్గర. ఎన్ని కుర్చీలు పోయాయో, మేమంతా చెల్లెల్ని ఎన్నిసార్లు తిట్టామో చెప్పలేను. చివరికి ఒకటి కథ కంచికి చేరేదాకా కదలకుండా నిలబడింది. మా ఆయన ఎడమ పక్కనుంచి వచ్చి వేలితో తాకారు. కుప్ప.

పరుపు మీంచి లేస్తూ అత్తగారు, "తప్పు దానిదేనని ఇప్పటికైనా అర్థమైందా?" అన్నారు.

షూటింగుకి అలాంటివే మూడు తయారయ్యాయి. చూస్తే మావగారు చేసినవాటికి కవల పిల్లల్లా ఉన్నాయి. సీటు అడుగున మా వర్క్‌షాపు ముద్ర కూడా పడింది. ఇన్నాళ్లూ గుమ్మంలో కూర్చుని చూస్తున్న మావగారు అప్పుడు నోరు విప్పారు.

"ముద్ర ఎందుకురా?"

"మనం చేసినవే కదా నాన్నా."

"విరిగేదాని మీద నా ముద్రేమిటి?"

"అది విరగాలనే చేశాం కదా."

"అయితే నీ పేరు వేసుకో," అని లేచి వెళ్లిపోయారు.

బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం కునుకు తీశాం. నేను లేచేసరికి మావగారు పెరట్లో చేతులు రుద్ది రుద్ది కడుక్కుంటున్నారు. జిగురు వాసన.

"ఏం అతికించారు మావయ్యగారూ?"

"పాత స్టూలు కాలు ఊడితే."

సరేనని వెళ్లి టీ పెట్టాను. మా ఇంట్లో కాలు ఊడే స్టూలు లేదన్న సంగతి నాకు తట్టలేదు.

మర్నాడు మా గూడ్స్ బండిలో కుర్చీలు ఎక్కించుకుని నలుగురం స్టూడియోకి వెళ్లాం. మావగారు వస్తారనుకోలేదు. "అబద్ధాల కొట్టు ఎలా ఉంటుందో చూస్తాను," అన్నారు. పెద్ద షెడ్డు. బయటినుంచి చూస్తే రేకులు, కర్రలు, మేకులు. లోపలికి వెళితే తళతళలాడే హోటలు. మావగారు గోడ మీద వేలితో కొట్టి చూసి, "ఇదీ డొల్లే," అన్నారు తృప్తిగా.

డైరెక్టరు గారు నేననుకున్నంత ఎత్తు లేరు. తిరగేసిన బకెట్టు మీద కూర్చుని బిస్కెట్టు తింటున్నారు. ఆయనకి నేనంటే ఎవరో తెలియదు కాబట్టి నేను నమస్కారం పెట్టడం ఆయన గమనించలేదు. రెండోసారి పెట్టాను. అప్పుడూ గమనించలేదు. అత్తగారు నా చెయ్యి కిందికి లాగారు. కానీ ఆయన పనిచేసే పద్ధతి నేను దగ్గరగా నిలబడి చూశాను. కమెడియను రిహార్సల్ చేస్తుంటే ఆయన కమెడియన్ని చూడనే చూడరు. పైన నిచ్చెనలెక్కి లైట్లు పట్టుకున్నవాళ్ల మొహాలు చూస్తారు. వాళ్లు నవ్వితే "ఓకే". నవ్వకపోతే మళ్లీ. ఇంకో అలవాటు కూడా ఉంది. సినిమాలో ఎవరు కింద పడాలన్నా ముందు తాను పడి చూస్తారు. ఆయన ప్యాంటు మోకాళ్ల దగ్గర అందుకే మాసికలు.

షాటు మొదలైంది. కమెడియను కుర్చీలో కూర్చుని జీవితకథ చెప్పాడు. కుర్చీ కిక్కురుమనలేదు. లైట్లవాళ్లు నవ్వారు. హీరో ఎడమ పక్కనుంచి వచ్చాడు. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. హీరో వేలితో తాకాడు.

ఏమీ కాలేదు.

హీరో అరచేత్తో తోశాడు. భుజంతో తోశాడు. కమెడియను కూడా కూర్చున్న చోటునుంచే సాయం పట్టాడు. చివరికి హీరో వెనక్కి వెళ్లి పరిగెత్తుకొచ్చి ఒక్క తన్ను తన్నాడు. కుర్చీ కమెడియనుతో సహా కొంచెం పక్కకి జరిగింది. హీరో బొటనవేలు పట్టుకుని ఒంటికాలి మీద గెంతాడు.

"కట్," అన్నారు డైరెక్టరు గారు.

రెండో కుర్చీ తెచ్చారు. హీరో ఈసారి దూరంగా నిలబడి, తన దగ్గర తన్నులు తినే నలుగురినీ పంపాడు. అది కూడా విరగలేదు. మావగారు ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు.

గడ్డం బాబు మొహం తెల్లబోయింది. "ఏంటండీ ఇది? మమ్మల్ని ముంచేశారే!" అని మా ఆయన మీద పడ్డాడు. మా ఆయన ఒక కుర్చీ తిరగేశారు. కోత కోసిన చోట అడ్డంగా చెక్క సీల దిగగొట్టి ఉంది. చుట్టూ జిగురు. నునుపుగా, వెంట్రుక దూరే సందు లేకుండా. అలా సీల కొట్టే చెయ్యి మాకు తెలిసినంతలో ఒక్కటే ఉంది. ఆ చెయ్యి అప్పుడు మావగారి జేబులో ఉంది.

మా ఆయన ఒక్కసారి అటు చూశారు. తర్వాత డైరెక్టరు గారి వైపు తిరిగారు. "పొరపాటు నాదేనండీ. కొంచెం టైమివ్వండి, సరిచేస్తాను."

"దీనికి నువ్వెందుకు?" అంటూ మావగారు ముందుకొచ్చి మా ఆయన చేతిలోంచి రంపం లాక్కున్నారు. "కుర్చీని పాడుచెయ్యడం కూడా ఒక పనేనా? జరుగు."

సీలలు కోసేశారు. అక్కడితో ఆగక, పనిలో పనిగా కాళ్లను కూడా కోశారు, అడ్డంగా, నేరుగా, చాలా అందంగా. డైరెక్టరు గారు అలవాటు ప్రకారం ముందు తాను కూర్చున్నారు. వీపు ఆనించారో లేదో, కుర్చీ నాలుగు దిక్కులకూ పోయింది. డైరెక్టరు గారు హోటలు నేల మీద వెల్లకిలా పడ్డారు.

 ఆయన పడుకునే పైకప్పు చూస్తూ, "బాగుంది," అన్నారు. "కాకపోతే తొందరపడింది."

మావగారు పట్టు వదల్లేదు. రెండో కుర్చీ పట్టుకున్నారు. ఈసారి తక్కువ కోశారు. అది వేలికీ, అరచేతికీ, నలుగురు రౌడీలకీ కూడా విరగలేదు. మళ్లీ కాస్త కోశారు. విరగలేదు. ఇంకాస్త కోస్తుంటే ఆయన చేతిలోనే కూలింది.

"చెక్కలో దోషం," అన్నారు మావగారు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు," అన్నారు అత్తగారు, అందరికీ వినపడేలా.

మిగిలింది ఒక్కటే కుర్చీ. మావగారు దాని ముందు రంపం పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. రంపం కాలికి ఆనించారు, తీసేశారు. ఇంకోవైపు ఆనించారు, తీసేశారు.  నవ్వొస్తుందనుకున్నాను. రాలేదు.

"ఎటునుంచి కొయ్యాలిరా?" అన్నారు చివరికి. గొంతు చాలా చిన్నగా ఉంది.

"ఇలా ఇవ్వు నాన్నా," అని మా ఆయన రంపం తీసుకున్నారు. కింద మోకాళ్ల మీద కూర్చుని, సీల తీసి, జిగురు గీకి, ఏటవాలు కోత మళ్లీ తెరిచి మైనం పెట్టారు. మావగారు పక్కనే వంగి, కాలు కదలకుండా పట్టుకున్నారు.

డైరెక్టరు గారు కూర్చున్నారు. ఊగారు. లేచి తల ఊపారు. కమెడియను కూర్చుని జీవితకథంతా చెప్పాడు. ఈసారి ఇంకాస్త కలిపి చెప్పాడు. కుర్చీ రాయిలా ఉంది. హీరో ఎడమ పక్కనుంచి వచ్చాడు, బొటనవేలు జాగ్రత్తగా వెనక్కి పెట్టుకుని, చూపుడువేలితో తాకాడు. కుర్చీ ఒక్క క్షణం ఆలోచించింది. కూలింది. పైన లైట్లవాళ్లు లైట్లు కూడా ఊగేలా నవ్వారు.

"ఓకే," అన్నారు డైరెక్టరు గారు.

అంతా అయ్యాక ఆయన మా దగ్గరికి వచ్చారు. నేను మూడో నమస్కారం పెట్టాను. దీన్ని చూశారు.

"కుర్చీ చాలా బాగుంది," అన్నారు మా ఆయనతో. "ఇలాంటిది నాకు ఎవరూ చేసివ్వలేదు. కానీ పొద్దంతా పోయింది. ముందు ఎందుకు మొండికేశాయి? అది తెలియకుండా సామానంతా మీకు ఎలా అప్పగించను? రేపు ఇంకో సెట్లో బల్ల మొండికేస్తే?"

"నా పొరపాటేనండీ."

"అదే, ఏం పొరపాటు?"

 మా ఆయన అసలు కారణం చెప్పే మనిషి కాదు. గడ్డం బాబు అప్పుడే సంచీ భుజాన వేసుకున్నాడు. నాకు పాలిష్ డబ్బా పక్కనున్న టై గుర్తొచ్చింది.

"సీలలు నేను కొట్టాను," అన్నారు మావగారు.

డైరెక్టరు గారు అటు తిరిగారు.

"వాడు సరిగ్గానే చేశాడండీ. నేనే నిన్న మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వెళ్లి బిగించాను. అడుగున మా ముద్ర ఉంది. ముద్ర ఉన్నది విరుగుతుందంటే నాకు భోజనం సయించలేదు."

"మూడింటికీ కొట్టారా?"

"ఒకటి వదిలేస్తే బావుండదు కదండీ."

డైరెక్టరు గారు ఆయన మొహం చూడలేదు. తలెత్తి పైకి చూశారు. నిచ్చెనల మీద లైట్లవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

"ఓకే," అన్నారు. "సామానంతా మీదే. ఒక్క షరతు, షూటింగు అయ్యేదాకా పెద్దాయన చేతికి జిగురు అందకూడదు."

తిరుగు ప్రయాణంలో బండి మా ఆయన నడుపుతున్నారు. పక్కన మావగారు. వెనక చెక్క ముక్కల మధ్య నేనూ అత్తగారూ. ఒక ముక్క మావగారు ఒళ్లో పెట్టుకున్నారు, చివరి కుర్చీ కాలు. విరిగిన చోట బొటనవేలితో తడుముతూ కూర్చున్నారు.  చాలా దూరం వెళ్లాక ఆయన అద్దంలోంచి బయటికి చూస్తూ ఏదో గొణిగారు.

"ఏంటి నాన్నా?"

మళ్లీ గొణిగారు.

"ఏమిటో అంటున్నారు," అన్నారు అత్తగారు, ముందుకు వంగి. "ఈ ఇంజను రొదకి ఒక్క ముక్క వినపడి చావట్లేదు. గట్టిగా చెప్పండి!"

అప్పుడే సిగ్నల్ పడి మా ఆయన బండి ఆపేశారు. ఆ సంగతి చూసుకోకుండా మావగారు మొత్తం వెనక్కి తిరిగి, గొంతు చించుకుని, పక్కన ఆగిన బస్సులోవాళ్లంతా కిటికీల్లోంచి తొంగిచూసేలా అరిచారు:

"తప్పన్నాను! విరిగే కుర్చీ ఎవడైనా చేస్తాడని నేనన్నది తప్పు! నాకు చేతకాలేదు, వాడు చేశాడు!"